పీపాలో కాలం, సీసాపై ముద్ర: రియోహా వైన్ వర్గీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్ సీసాలపై కనిపించే క్రియాన్సా, రెసర్వా, గ్రాన్ రెసర్వా అనే మాటలు ఆ వైన్ ఓక్ పీపాలోనూ సీసాలోనూ గడిపిన కాలాన్ని సూచిస్తాయి. ద్రాక్ష పండిన ఊరిని గానీ తోటను గానీ అవి తెలియజేయవు. ఈ కాలమానం ఎట్లా పుట్టింది, ఎవరి పెట్టుబడితో నిలదొక్కుకుంది, ద్రాక్ష రైతుకు దానివల్ల దక్కినదేమిటి అనే ప్రశ్నలను 18వ శతాబ్ది చివరి భాగం నుంచి 2017 నాటి సంస్కరణల వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రియోహా, ఓక్ పీపా, క్రియాన్సా, రెసర్వా, గ్రాన్ రెసర్వా, బొదేగా, కొసెచేరో, నియంత్రణ మండలి.

1. ఉపోద్ఘాతం

రియోహా వైన్ సీసా వెనుకవైపు చిన్న ముద్ర ఒకటి అతికించి ఉంటుంది. అది ఆకుపచ్చగా ఉంటే వైన్ సాధారణ వర్గానికి చెందినది. ఎరుపు క్రియాన్సాకు, ముదురు మెరూన్ రెసర్వాకు, నీలం గ్రాన్ రెసర్వాకు గుర్తులు. ప్రతి ముద్రకూ ఒక క్రమసంఖ్య ఉంటుంది. ముద్రలను జారీచేసే అధికారం వైన్ తయారీదారుది కాదు, లొగ్రోన్యో నగరంలోని నియంత్రణ మండలిది. ఎర్ర వైన్ విషయంలో నేటి నిబంధనల ప్రకారం క్రియాన్సా కనీసం రెండేళ్లు పక్వం కావాలి. అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో గడవాలి. రెసర్వాకు మూడేళ్లు అవసరం. అందులో ఏడాది పీపాలో, ఆరు నెలలు సీసాలో ఉండాలి. గ్రాన్ రెసర్వాకు మొత్తం ఐదేళ్లు పడుతుంది. కనీసం రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో గడవాలి. తెల్ల వైన్‌కు ఈ గడువులు తక్కువ. మూడు వర్గాలకూ పీపాలో ఆరు నెలలు చాలు. ఆకుపచ్చ ముద్రకు కాలపు కట్టుబాటు ఏదీ లేదు.

ఐరోపాలో పేరెన్నికగన్న ఇతర వైన్ ప్రాంతాలు అనేకం తమ సరుకును ఈ విధంగా విభజించలేదు. బర్గండీలో వర్గీకరణకు ఆధారం నేల. ఫలానా కొండవాలులోని ఫలానా చెక్క ఉత్తమం, దాని కింది చెక్క మధ్యమం అన్న నిర్ణయం అక్కడ ముందుగా జరుగుతుంది. బోర్డోలో 1855 నాటి ప్రసిద్ధమైన జాబితా ఒక్కొక్క ఎస్టేటును ఒక్కొక్క అంతస్తులో కూర్చోబెట్టింది. రియోహా మాత్రం క్యాలెండరును ప్రమాణంగా తీసుకున్నది. ఈ ఎంపికను రుచికి సంబంధించిన విషయంగానే చూసే వివరణలు చాలా ఉన్నాయి. అవి పొరపాటు కావు గాని, కాలానికి ఖర్చు ఉంటుందన్న సంగతిని పక్కన పెడతాయి.

ఆ ఖర్చు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. పాత బియ్యం ధర కొత్త బియ్యం ధర కన్నా ఎప్పుడూ ఎక్కువే. అయితే కళ్లంలోనే ధాన్యం అమ్ముకోవలసి వచ్చిన రైతుకు ఆ తేడా అందదు. ఏడాదిపాటు నిల్వ పెట్టుకోగల స్తోమత ఉన్నవానికి అందుతుంది. రియోహా చరిత్రలో కూడా ప్రతి మలుపులోనూ ఇదే తేడా ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది.

ముందుగా పదాల గురించి కొంత చెప్పుకోవాలి. స్పానిష్‌లో ‘క్రియార్’ అంటే పెంచడం, సాకడం. ‘క్రియాన్సా’ అంటే పెంపకం. బిడ్డల పెంపకానికీ, పశువుల పెంపకానికీ, పీపాలోని వైన్‌కూ ఒకటే మాట. ‘రెసర్వా’ అంటే విడిగా దాచి ఉంచినది. ‘గ్రాన్’ అంటే గొప్ప. తెలుగులో వాడుకలో ఉన్న ‘పీపా’ అన్న మాట కూడా ఐబీరియా ద్వీపకల్పం నుంచే, పోర్చుగీసు ద్వారా, ఓడల మీద వచ్చినది.

2. నేల, ద్రాక్ష, పాత పద్ధతి

ఎబ్రో నది వెంబడి పడమటి నుంచి తూర్పుకు సుమారు వంద కిలోమీటర్ల పొడవున రియోహా వ్యాపించి ఉంది. ఉత్తరాన కాంటాబ్రియా పర్వతశ్రేణి అట్లాంటిక్ చలిగాలులను అడ్డుకుంటుంది. దక్షిణాన దెమాందా శ్రేణి ఉంది. పరిపాలన రీత్యా ఈ వైన్ ప్రాంతం లా రియోహా, బాస్క్ దేశంలోని అలావా, నవార్రా అనే మూడు చోట్లకు విస్తరించింది. వైన్ పరిభాషలో రియోహా అల్తా, రియోహా అలావేసా, రియోహా ఓరియెంతాల్ అని మూడు ఉపప్రాంతాలు ఉన్నాయి. మూడవదానిని చాలాకాలం రియోహా బాహా, అంటే దిగువ రియోహా, అన్నారు. ‘దిగువ’ అన్న మాట నాణ్యతకు కూడా అంటుకుంటున్నదని ఇటీవల దానిని ‘తూర్పు’ అని మార్చారు.

పడమటి భాగంలో, అలావా ఊళ్లలో టెంప్రానియో ప్రధానమైన ద్రాక్ష. ‘తెంప్రానో’ అంటే త్వరగా అని అర్థం. ఇతర రకాల కన్నా ముందు పండుతుంది కనుక ఆ పేరు వచ్చింది. పొడి వాతావరణం, వేడి ఎక్కువగా ఉండే తూర్పు భాగంలో గర్నాచా బాగా పండుతుంది. పులుపు కోసం, రంగు కోసం గ్రాసియానో, మజువేలో కొద్దిగా కలుపుతారు. తెల్ల ద్రాక్షలలో వియూరా ముఖ్యమైనది. పడమటి టెంప్రానియోలోని తాజాతనాన్ని తూర్పు గర్నాచాలోని ఘాటుతో కలపడం ఇక్కడి పాత అలవాటు. అటువంటి కలయికలో ఒక ఊరి పేరు నిలవడం కష్టం.

ఇక్కడ వైన్ తయారీ మధ్యయుగాల నాటికే స్థిరపడింది. 13వ శతాబ్దిలో సాన్ మియాన్ మఠంతో అనుబంధం ఉన్న కవి గొంజాలో దె బెర్సేయో తన కవిత్వానికి ప్రతిఫలంగా ఒక గ్లాసు మంచి వైన్ చాలునన్నాడు. స్పానిష్ సాహిత్యంలో పేరు తెలిసిన తొలి కవులలో ఒకడు తన పారితోషికాన్ని వైన్‌లో కొలుచుకున్నాడన్నది ఆ ప్రాంతీయులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే విషయం.

అయితే ఆ వైన్ నిల్వ ఉండేది కాదు. రైతు ద్రాక్షగుత్తులను కాడలతో సహా ‘లాగో’ అనే రాతితొట్టిలో పోసేవాడు. అడుగున కొన్ని పండ్లు బరువుకు చితికి పులియడం మొదలయ్యేది. తొట్టెలో నిండిన బొగ్గుపులుసు వాయువు కారణంగా పై పండ్లు చితకకుండానే లోలోపల పులిసేవి. ఆ తరువాత కాళ్లతో తొక్కి రసం తీసేవారు. మొదట తనంతట కారిన రసానికి ‘లాగ్రిమా’ అంటే కన్నీరు అని పేరు. నడుమ వచ్చేది ‘కొరసోన్’, అంటే గుండె. చివర పిండి తీసినది ‘ప్రెన్సా’. ఈ పద్ధతిలో తయారైన వైన్ పండు వాసనతో, వగరు తక్కువగా, తాగడానికి హాయిగా ఉంటుంది. మరుసటి కోతల నాటికి చెడిపోతుంది. తోలుతిత్తులలో నింపి కంచరగాడిదల మీద బాస్క్ తీరానికి చేర్చేవారు. ఆ దారి దాటి మరింత దూరం పంపితే పుల్లబడిపోయేది. కొత్త పంటకు తొట్లు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు మిగిలిన పాత వైన్‌ను పారబోయక తప్పేది కాదు. ఇక్కడ పాతబడడం విలువ కోల్పోవడమే.

ఈ పద్ధతి అంతరించలేదు. అలావా ఊళ్లలో ‘కొసెచేరో’ వైన్ పేరుతో నేటికీ తయారవుతున్నది. కొసెచేరో అంటే పంట కోసినవాడు, అనగా స్వయంగా వైన్ చేసే రైతు. ఈ శైలికి పేరు ఇచ్చినవాడు రైతే కావడం, పక్వత వర్గాల పేర్లలో రైతు ఎక్కడా కనిపించకపోవడం గమనించదగినవి.

3. లబస్తీదా మతాచార్యుని ప్రయత్నం

వైన్‌కు కాలాన్ని జోడించాలన్న మొదటి గట్టి ప్రయత్నం 1780లలో జరిగింది. లబస్తీదా గ్రామానికి చెందిన మానువేల్ కింతానో బుర్గోస్ కథీడ్రల్‌లో మతాచార్యుడు. అతడు బోర్డో వెళ్లి అక్కడి పద్ధతులు తెలుసుకొని వచ్చాడు. కాడలను వేరుచేయడం, పులియబెట్టిన వైన్‌ను ఓక్ పీపాలలో ఉంచడం, అడుగున చేరిన మడ్డిని వదిలి తేటను మరొక పీపాలోకి మార్చడం, గుడ్డు తెల్లసొనతో తేర్చడం అతడు నేర్చుకున్నవాటిలో ఉన్నాయి. 1795 ప్రాంతంలో అతడు హవానాకు పంపిన పీపాలు అట్లాంటిక్ దాటినా చెడిపోలేదు. సాంకేతికంగా సమస్య అక్కడితో పరిష్కారమైనట్టే.

కాని పరిష్కారం నిలవలేదు. ఆ రోజులలో ఊరి వైన్ ధరను పురపాలక అధికారులు నిర్ణయించేవారు. పీపాలలో ఏళ్లతరబడి ఉంచిన వైన్ అయినా, తొట్టిలోంచి నేరుగా వచ్చిన వైన్ అయినా ఒకే ధరకు అమ్మాలి. కింతానో తన వైన్‌కు ఎక్కువ ధర కోరాడు. ఇతర రైతులు ఎదిరించారు. అధికారులు వారి పక్షం వహించారు. పీపాల ఖర్చు, నిల్వ కాలం, ఆవిరైపోయిన భాగం, ఇవన్నీ కలుపుకొని కూడా సాధారణ ధరే వస్తే ఆ పని కొనసాగదు. ఆ పద్ధతి అర్ధశతాబ్దానికి పైగా మరుగునపడింది.

ఈ ఘట్టాన్ని ముందుచూపు గల ఒక వ్యక్తికీ, మూర్ఖులైన గ్రామస్థులకూ మధ్య జరిగిన కథగా చెప్పడం మామూలు. రైతుల వైపు నుంచి చూస్తే సంగతి అంత సులభంగా తేలదు. పీపాలు కొనే శక్తి లేనివారికి సమానధర ఒక్కటే రక్షణ. ఒకనికి రెట్టింపు ధర పలికితే మిగిలినవారి సరుకు నాసిరకమని తీర్పు చెప్పినట్టే అవుతుంది. చర్చి ఆదాయం గల మతాచార్యుడు రెండేళ్లు ఆగగలడు. పన్నులు, అప్పులు నెత్తిన ఉన్న రైతు కోతల తరువాత రెండు నెలలు కూడా ఆగలేడు.

4. మెదోక్ నుంచి వచ్చిన పీపా

రెండవ ప్రయత్నం ప్రవాసుల ద్వారా వచ్చింది. స్పెయిన్ రాజప్రతినిధిగా ఉండి 1843లో పదవి కోల్పోయిన జనరల్ ఎస్పార్తేరో లండన్‌లో తలదాచుకున్నాడు. ఆయన సహాయకుడు లూసియానో ముర్రియేతా పెరూలో పుట్టినవాడు. లండన్ విందులలో బోర్డో వైన్ స్థానం ఏమిటో అక్కడ చూశాడు. ప్రవాసం ముగిశాక బోర్డో పద్ధతిని తెలుసుకొని, 1852లో లొగ్రోన్యోలో ఎస్పార్తేరోకు చెందిన నేలమాళిగలో పీపా వైన్ తయారుచేశాడు. అతని తొలి సరుకు కూడా కింతానో సరుకు వెళ్లిన దారినే అమెరికాఖండం వైపు సాగింది. తరువాతి కాలంలో అతనికి మార్కెస్ బిరుదు లభించింది. అతని పేరుతో ఉన్న బొదేగా, అనగా వైన్ తయారీ నిల్వ కేంద్రం, నేటికీ పనిచేస్తున్నది.

మరొకడు మార్కెస్ దె రిస్కాల్ బిరుదు గల కమీలో ఉర్తాదో దె అమేసగా. అతడు 1836 నుంచి బోర్డోలో నివసిస్తూ 1858లో అలావాలోని ఎల్సియేగోలో బొదేగా స్థాపించాడు. అలావా ప్రాంతీయ పాలకమండలి తమ రైతులకు మెదోక్ పద్ధతి నేర్పే నిపుణుణ్ణి వెదికి పంపమని అతణ్ణి కోరింది. అట్లా 1862లో జాన్ పినో వచ్చాడు. ‘అలావా మెదోక్’ అని పిలిచిన ఈ పథకం ఉద్దేశం ఉదాత్తమైనది. ఒక ప్రభుత్వ సంస్థ తన ఖర్చుతో విదేశీ నిపుణుణ్ణి నియమించి ఊరూరా రైతుకు బోధింపజేయడం ఆనాటికి అసాధారణం.

వైన్ బాగానే వచ్చింది. పథకం మాత్రం 1868తో ముగిసింది. రైతులు నేర్చుకోలేకపోయారని కాదు. కొత్త పీపాలు కొనడానికి, రెండు మూడు పంటల సరుకును అమ్మకుండా అట్టిపెట్టడానికి వారివద్ద డబ్బు లేదు. అందరికీ ఉద్దేశించిన విద్య చివరకు పెట్టుబడి ఉన్నవారి వద్దకే చేరింది. ఒప్పందం ముగిసిన పినోను మార్కెస్ దె రిస్కాల్ తన బొదేగాలో నియమించుకున్నాడు. 1895లో బోర్డో ప్రదర్శనలో ఆ సంస్థ గౌరవపత్రం పొందింది. రిస్కాల్ సీసాల చుట్టూ అల్లిన సన్నని తీగవల ఈనాడు అలంకారంగా కనిపిస్తుంది. ఖాళీ సీసాలలో నాసి వైన్ నింపి తిరిగి అమ్మకుండా ఉండటానికి వచ్చిన ఏర్పాటు అది. కాలానికి ధర పలకడం మొదలైన వెంటనే కల్తీకాలం కూడా మొదలైందనడానికి ఇది సాక్ష్యం.

5. రైలుస్టేషను పేట

1860ల నుంచి ఫ్రెంచి తోటలను ఫిలోక్సెరా అనే వేరుపురుగు తినివేయసాగింది. బోర్డో వర్తకులు సరుకు కోసం పిరెనీస్ పర్వతాలు దాటారు. అప్పటికే 1863లో బిల్బావో వైపు వెళ్లే రైలుమార్గం హారో పట్టణాన్ని తాకింది. స్టేషను చుట్టూ బొదేగాలు వరుసగా వెలిశాయి. 1877లో లోపెస్ దె ఎరేదియా, 1879లో కూనే, 1890లో లా రియోహా అల్తా, 1901లో బొదేగాస్ బిల్బాయినాస్ వచ్చాయి. వైన్ లోకంలో ఒక ప్రాంతపు ప్రసిద్ధ సంస్థలు తోటల నడుమ గాక సరుకుల రైలు పక్కన ఇంత దగ్గరగా పుట్టడం అరుదు. 1892లో హారోలో ప్రభుత్వ వైన్ పరిశోధన కేంద్రం కూడా ఏర్పడింది.

ఈ స్థలనిర్ణయం లోనే తరువాతి వర్గీకరణ సారం ఇమిడి ఉంది. స్టేషను పక్కనున్న బొదేగా అనేక ఊళ్ల నుంచి ద్రాక్షను, కొత్త వైన్‌ను కొని, కలిపి, పీపాలలో నింపుతుంది. దాని ఆస్తి తోట కన్నా ముఖ్యంగా పీపాల వరుస. పది ఊళ్ల రసం కలిసిన చోట ఏ ఊరి గొప్పతనాన్ని చాటగలదు? చాటదగినది తాను చేసిన పని ఒక్కటే. ఆ పని కాలాన్ని నిల్వచేయడం.

ఈ అదృష్టం ఎక్కువకాలం సాగలేదు. 1882 నాటి ఫ్రాన్స్ స్పెయిన్ వాణిజ్య ఒప్పందం గడువు 1892లో తీరింది. ఫ్రెంచి మార్కెట్టు మూతపడింది. 1899లో వేరుపురుగు రియోహాకు కూడా చేరింది. అమెరికా ద్రాక్షవేరుపై అంటు కట్టి తోటలను తిరిగి వేయవలసివచ్చింది. ఈ దెబ్బకు చిన్న రైతులు ఎక్కువగా నలిగారు. పీపాలలో నిల్వ ఉన్న బొదేగాలు తట్టుకున్నాయి. బిల్బావో, మాడ్రిడ్ నగరాల సంపన్న కుటుంబాలు వారి కొత్త ఖాతాదారులు అయ్యారు.

పీపా కలప కూడా ఈ కాలంలోనే మారింది. బోర్డో పీపా కొలత, అంటే 225 లీటర్లు, అట్లాగే నిలిచింది. ఫ్రెంచి ఓక్ స్థానంలో మాత్రం చౌకగా దొరికే అమెరికా ఓక్ వచ్చింది. అమెరికా ఓక్ వైన్‌కు వనిల్లా, కొబ్బరి పరిమళాలను ఇస్తుంది. నూరేళ్లపాటు లోకం ‘రియోహా వాసన’ అనుకున్నది చాలామేరకు అట్లాంటిక్ ఓడరవాణా నిర్ణయించిన కలపవాసన.

6. ఏడాదుల లెక్క చట్టమైన తీరు

20వ శతాబ్ది తొలి దశాబ్దాల సీసాలపై నేటి పేర్లు ఒక పద్ధతిలో కనిపించవు. వాటి చీటీలపై ‘3వ ఏడాది’, ‘4వ ఏడాది’, ‘6వ ఏడాది’ అని ఉండేది. పంట తరువాత ఎన్నవ ఏట సీసాలో నింపారో అది తెలిపేది. ఏ సంవత్సరపు పంట అన్నది కొన్నిసార్లు చెప్పేవారే కాదు. ‘రెసర్వా’ అన్నది సంస్థ తన ఉత్తమమైన సరుకుకు తానే పెట్టుకున్న పేరు.

ఈ అస్పష్టతకు లా రియోహా అల్తా సంస్థ వైన్‌లు రెండు మంచి ఉదాహరణలు. ఒకదాని పేరు 890, మరొకదాని పేరు 904. మొదటిది సంస్థ స్థాపించిన 1890ని, రెండవది మరొక బొదేగా అందులో విలీనమైన 1904ను స్మరిస్తాయి. తొలుత పూర్తి సంవత్సరమే వైన్ పేరుగా ఉండేది. కొనేవారు దానిని పంట సంవత్సరంగా భ్రమపడే అవకాశం ఉన్నందున ముందున్న ఒకటి తీసివేశారు. పేరులోని ఒక అంకె పోవడంలో ఒక యుగం మారిన జాడ ఉంది. వ్యాపారి మాట మీద నడిచిన కాలగణన నెమ్మదిగా అధికారి లెక్కలోకి వచ్చింది.

ఈ మార్పు దశలవారీగా జరిగింది. 1902లో రియోహా పేరు వాడుకపై రాజశాసనం వచ్చింది. 1925లో స్పెయిన్‌లోనే మొదటిగా రియోహాకు ప్రాంతనామ గుర్తింపు లభించింది. మరుసటి ఏడు నియంత్రణ మండలి ఏర్పడింది. తరువాత అంతర్యుద్ధం, ఐరోపా యుద్ధం, ఆకలి రోజులు వచ్చాయి. తోటలు పీకి గోధుమ వేసిన కాలం అది. 1970ల దశకంలో గాని క్రియాన్సా, రెసర్వా, గ్రాన్ రెసర్వా పదాలకు చట్టబద్ధమైన గడువులు స్థిరపడలేదు. 1991లో రియోహా స్పెయిన్‌లో ‘కాలిఫికాదా’ అనే ఉన్నత హోదా పొందిన మొదటి ప్రాంతమైంది. ప్రాంతం లోపలే సీసాలలో నింపాలన్న నియమం ఆ హోదాతో ముడిపడి ఉంది.

గడువుల వెనుకనున్న ఆర్థికభారం చిన్న లెక్కతో తెలుస్తుంది. 225 లీటర్ల పీపా ఒకటి 750 మిల్లీలీటర్ల సీసాలు 300 నింపుతుంది. ఏటా 300 గ్రాన్ రెసర్వా సీసాలు అమ్మదలచిన బొదేగా ఐదు పంటల సరుకును, అంటే 1500 సీసాల వైన్‌ను, ఎల్లవేళలా దగ్గర ఉంచుకోవాలి. అంతే సంఖ్యలో క్రియాన్సా అమ్మేవానికి 600 చాలు. కొసెచేరో వైన్ చేసే రైతుకు పాత నిల్వ అక్కరలేదు. దీనికితోడు పీపా గోడల గుండా వైన్ కొంత ఆవిరవుతుంది. వెలితిని నింపుతూ ఉండాలి. మామూలుగా ఆరు నెలలకొకసారి తేటను వేరొక పీపాలోకి వంచాలి. రియోహా అంతటా పది లక్షలకు పైగా ఉన్న పీపాలలో ఏది ఎప్పుడు నిండింది, ఎప్పుడు ఖాళీ అయింది అన్న లెక్క మండలి పరిధిలోనిది. వైన్ రుచిని కొలవడం కన్నా గడచిన నెలలను లెక్కించడం అధికార యంత్రాంగానికి తేలిక. ఈ వర్గీకరణ చిరకాలం నిలవడానికి అదీ ఒక కారణమే.

7. శైలులు: వర్గానికి లొంగినవి, లొంగనివి

వర్గం ఒకటైనంత మాత్రాన శైలి ఒకటి కాదు. హారోలోని పాత సంస్థల గ్రాన్ రెసర్వా లేత ఇటుక రంగులో, ఎండుపండు, తోలు, పొగాకు పరిమళాలతో పలుచగా ఉంటుంది. లోపెస్ దె ఎరేదియా తన పీపాలను తానే చేయించుకుంటుంది; చట్టం కోరినదానికన్నా ఏళ్ల తరబడి ఎక్కువ కాలం వైన్‌ను పీపాలో ఉంచుతుంది. తెల్ల వైన్‌ను, చివరకు గులాబీరంగు వైన్‌ను కూడా గ్రాన్ రెసర్వాగా పెంచే అరుదైన సంప్రదాయం దానిది. ముర్రియేతా సంస్థ 1986 పంట తెల్ల వైన్‌ను ఇరవై ఏళ్లకు పైగా పీపాలో ఉంచి, మూడు దశాబ్దాల తరువాత విడుదల చేసింది. చట్టంలోని కనీస గడువు ఇటువంటి చోట నామమాత్రమే.

మరొకవైపు 1970లో సెనిసేరోలో ఎన్రికే ఫోర్నేర్ స్థాపించిన మార్కెస్ దె కాసేరెస్ సంస్థ ఎదురుదారి పట్టింది. బోర్డో ఆచార్యుడు ఎమీల్ పేనో సలహాతో ఫ్రెంచి ఓక్, తక్కువ పీపాకాలం, ఎక్కువ సీసాకాలం, పండు రుచికి ప్రాధాన్యం అనే పద్ధతిని తెచ్చింది. తెల్ల వైన్ స్టీలు తొట్లలోకి మారి, కలపవాసన లేని తాజా పానీయమైంది. 1990లలో ముదురురంగు, గాఢత, కొత్త ఫ్రెంచి పీపా గల వైన్‌లు వచ్చాయి. వాటికి ‘ఉన్నత అభివ్యక్తి’ అని కొంత ఆడంబరమైన పేరు పడింది. ఒక పాత తోట ద్రాక్షతో, తయారీదారు తన నిర్ణయం ప్రకారం పీపాలో ఉంచిన వైన్ నెలల లెక్కకు ఒదగదు. అందుచేత అటువంటి వైన్‌లు అనేకం సాధారణ వర్గపు ఆకుపచ్చ ముద్రతోనే వెలువడ్డాయి. నీలిముద్ర గ్రాన్ రెసర్వా పక్కనే అంతకు అనేక రెట్లు ధర గల ఆకుపచ్చ ముద్ర సీసా అంగడిలో నిలిచినప్పుడు, కాలమే విలువ అన్న సూత్రం అధికారికంగా నిలిచి ఉండగానే ఆచరణలో బీటవారింది.

8. ఊరి పేరు అడిగిన తోటలు

2015 డిసెంబరులో లగ్వార్దియాకు చెందిన ఆర్తాదీ సంస్థ రియోహా పేరునే వదులుకుంటున్నట్టు ప్రకటించింది. దాదాపు అదే సమయంలో తెల్మో రొద్రీగెస్ చొరవతో మాడ్రిడ్‌లోని మాతదోర్ క్లబ్ వేదికగా ఒక ప్రకటనపత్రం వెలువడింది. స్పెయిన్ అంతటి నుంచి తయారీదారులు, రచయితలు దానిపై సంతకాలు చేశారు. పొలాన్ని, ఊరిని గుర్తించని వర్గీకరణ నాణ్యతను కిందికి లాగుతున్నదని వారి వాదన. రొద్రీగెస్ కుటుంబపు తోట రెమెయూరి ఉన్నది లబస్తీదాలో, అంటే కింతానో ఊరిలో. రెండు శతాబ్దాల క్రితం అక్కడ కాలానికి వేరే ధర కోరారు. ఇప్పుడు నేలకు వేరే పేరు కోరారు.

2017లో మండలి నియమాలు మార్చింది. కాలవర్గాలను అట్లాగే ఉంచి, ఉపప్రాంతం, ఊరు, తోట అనే స్థలవర్గాలను పక్కన చేర్చింది. ‘విన్యేదో సింగులార్’ అనే ప్రత్యేక తోట గుర్తింపునకు తీగల వయస్సు కనీసం 35 ఏళ్లు ఉండాలి. కోత చేతితోనే జరగాలి. ఎర్ర ద్రాక్ష దిగుబడి సాధారణంగా హెక్టారుకు 6500 కిలోల వరకు అనుమతించగా, ఈ తోటలకు 5000 కిలోలకు మించరాదు. ఇక్కడ కూడా ఏళ్ల లెక్క వచ్చిందన్నది చిన్న చమత్కారం. ఇదివరకు పీపాలో లెక్కించిన వయస్సును ఇప్పుడు మొక్కలో లెక్కిస్తున్నారు. భేదం లేకపోలేదు. పీపా వయస్సు బొదేగా సొత్తు, తీగ వయస్సు తోట సొత్తు. కిలోల లెక్కన ద్రాక్ష అమ్మి ఇంటికి వెళ్లే రైతుకు ముసలితీగ ఇంతకాలం తక్కువ దిగుబడినిచ్చే నష్టంగానే కనిపించేది. ఎక్కువ కిలోల కోసం వాటిని పీకి కొత్తవి నాటిన సందర్భాలు అనేకం.

ఈ సవరణతో అందరూ సంతృప్తి చెందలేదు. అలావాలోని చిన్న ఉత్పత్తిదారుల సంఘం ‘అలావా తోటలు’ అనే వేరు ప్రాంతనామం కోరింది. 2022లో బాస్క్ ప్రభుత్వం తాత్కాలిక ఆమోదం తెలుపగా, రియోహా మండలి దానిని న్యాయస్థానంలో సవాలు చేసింది. ఈలోగా ఎర్ర వైన్‌కు గిరాకీ తగ్గింది. 2023లో మిగులు వైన్‌ను ఆల్కహాలుగా కాచివేయడానికి ప్రభుత్వ సహాయధనం ఇవ్వవలసి వచ్చింది. కాయ పచ్చిగా ఉండగానే కోసి నేలపాలు చేసిన రైతులకూ పరిహారం చెల్లించారు. అమ్ముడుపోని నిల్వ బరువైనప్పుడు బొదేగా మొదట చేసే పని కొత్త ద్రాక్ష కొనుగోలును తగ్గించడం. లాభం వచ్చిన ఏళ్లలో పీపాలోని కాలం బొదేగాదిగా ఉంటే, నష్టం వచ్చిన ఏట అదే కాలం కోతలకు ముందు తోటగట్టు మీద నిలబడిన రైతు పద్దులోకి వచ్చి చేరింది.

లబస్తీదాలో నేడు తయారయ్యే సీసాపై నిబంధనలకు లోబడి ఊరి పేరు వేసుకోవచ్చు. దాని కింద క్రియాన్సా అని ఉండవచ్చు, ఏమీ లేకుండానూ ఉండవచ్చు. ధరను పురపాలక అధికారులు నిర్ణయించరు.